దూరం ఉన్న గెస్ట్‌ని కమ్యూనిటీ రేడియో టెక్ షో కోసం ఎట్ల రికార్డ్ చెయ్యాలె: రెండు ఫోన్ల పద్ధతి మొదటి నుంచి చివరి దాక

కమ్యూనిటీ రేడియోల టెక్నాలజీ షో చేసేటోళ్లకు ఎప్పుడూ ఒకటే ఇబ్బంది, అసలు మాట్లాడాల్సిన మనిషి స్టుడియో దగ్గర్ల ఉండడు. డ్రోన్‌తోని వరికి మందు కొట్టే పిల్లగాడు మిర్యాలగూడ అవతల ఉంటడు, బత్తాయి తోటల డ్రిప్పుకు టైమర్ పెట్టుకున్న రైతు నల్గొండ జిల్లా నాంపల్లి దిక్కు ఉంటడు, అమ్రాబాద్ అడవి అంచు ఊర్ల ఆశా కార్యకర్త ఫోన్‌ల వివరాలు ఎట్ల నింపుతదో ఆమెనే చెప్పాలె, ఇగ వనపర్తి నుంచి దుబాయ్ పోయి ఏసీ మెకానిక్ పని చేసే అన్నను స్టుడియోకి రమ్మని ఎట్లంటం. ఇక్కడోళ్లను పిలిచినా ఒకరోజు కూలి పోతది, బస్సు కిరాయి అయితది, పొద్దంత పోతది. అందుకే దూరం నుంచి మంచిగ రికార్డ్ చెయ్యడం రాకుంటే మన షోల ఎప్పుడూ హైదరాబాదోళ్లే, మంచి నెట్ ఉన్నోళ్లే మాట్లాడతరు, మన నల్గొండ, పాలమూరు మనుషులు వినేటోళ్లుగనే మిగిలిపోతరు. నాకు ఇది సౌండ్ క్వాలిటీ కంటే పెద్ద విషయం.

కింద చెప్పేది ఇంట్ల ఉన్న ఫోన్లతోని, పైసా ఖర్చు పెట్టకుండ చేసే పద్ధతి. లాప్‌టాప్, మంచి నెట్ ఉన్న గెస్టుల కోసం వేరే దారులు ఉన్నయి, అవి మధ్యల చెప్త.

అసలు సూత్రం

కాల్ మాట్లాడుకోడానికే, రికార్డింగ్ మాత్రం ఎవరి దగ్గర వాళ్లదే. గెస్ట్ గొంతు గెస్ట్ ఇంట్లనే ఒక ఫోన్‌ల రికార్డ్ అయితది, మీ గొంతు మీ దగ్గర రికార్డ్ అయితది, తర్వాత రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి కలుపుకుంటం. దీంతోని నెట్ ఎంత చెత్తగ ఉన్నా రికార్డింగ్‌కు దెబ్బ పడదు.

ఎందుకింత చెప్తున్ననంటే, మామూలు పాత రకం ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ (సౌండ్ ఎంత సన్నగ, ఎంత లావుగ ఉందో చెప్పే కొలత) దాకనే మోస్తది, 4జీ మీద పోయే వోల్టీ కాల్ అయితే ఇంచుమించు 7000 దాక పోతది, కానీ ఎఫ్ఎం బ్రాడ్‌కాస్ట్ 15000 హెర్ట్జ్ దాక ఇనిపిస్తది. స, శ, ష తేడా తెలిసేది ఆ పైన ఉన్న శబ్దాల్లనే. స్టుడియో గొంతు పక్కన కాల్ గొంతు పెట్టినమంటే గెస్ట్ ఏదో గోడ అవతల నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటది. పైగా నెట్ కాల్ల మాటలు మధ్యమధ్యల తెగిపోతయి, అట్ల పోయిన ముక్కను ఏ సాఫ్ట్‌వేర్ కూడ తిరిగి తేలేదు. మన స్టేషన్లకు పర్మిషన్ ఇచ్చేదే 100 వాట్లకు, సుమారు పది కిలోమీటర్ల అవతల సిగ్నల్ పల్చబడతది, వినేటోళ్లేమో ఆటోల, హోటల్ కాడ, పొలంల చిన్న సెట్టు మీద వింటరు. మొదలే గొంతు మసకగ ఉంటే వాళ్లదాక పోయేసరికి ఏం మిగలదు.

రెండు ఫోన్లు ఎందుకు

చాలామంది ఒకే ఫోన్‌ల వాట్సాప్ కాల్ పెట్టి, దాంట్లనే రికార్డర్ కూడ ఆన్ చెయ్యమని గెస్ట్‌కి చెప్తరు. పని చెయ్యదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, కాల్ నడుస్తుంటే మైకు కాల్‌కే పోతది, వెనక నడిచే రికార్డర్‌కు నిశ్శబ్దమే అందుతది. రికార్డర్‌ల టైమ్ నడుస్తనే ఉంటది, చూసేటోళ్లకు అంత మంచిగనే అయితున్నట్టు కనిపిస్తది, చివరికి గంట సేపు ఖాళీ ఫైల్ వస్తది. కాబట్టి గెస్ట్ దగ్గర కచ్చితంగ రెండో ఫోన్ కావాలె. ఇంట్ల కొడుకుది, కోడలుది, పక్కింటి వాళ్లది ఏదైనా సరే, సిమ్ లేని పాత ఫోన్ అయినా సరే, స్క్రీన్ పలిగినా నడుస్తది, మైకు, బ్యాటరీ బాగుంటే చాలు.

రెండో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల పెట్టించండి, ఇది మర్చిపోవద్దు. మధ్యల కాల్ వచ్చిందంటే రికార్డింగ్ ఆగిపోతది, పైగా ఫోన్ నెట్‌వర్క్ వెతికేటప్పుడు దగ్గర్ల ఉన్న వైర్లల్ల ఆ టక టక టక శబ్దం దూరుతది.

ముందురోజు కాల్

రికార్డింగ్ కంటే ఒకరోజు ముందు ఒక పదిహేను నిమిషాలు గెస్ట్‌తోని మాట్లాడాలె. దీన్ని తప్పించుకుంటే అసలు రోజు గంట పోతది. ఏ ఫోన్లు ఉన్నయి, మెమరీల జాగ ఉందా, ఇంట్ల ఎక్కడ సిగ్నల్ ఎక్కువ, వైరు ఇయర్‌ఫోన్ ఉందా, పిల్లలు బడికి ఎన్ని గంటలకు పోతరు, బోరు మోటర్ ఎప్పుడు నడుస్తది, ఇవన్నీ అడగాలె. ఆ కాల్ల ఒక నిమిషం టెస్ట్ రికార్డింగ్ చేయించి పంపమనండి. ఆ నిమిషం వింటే సగం సంగతులు అర్థమైతయి.

ప్రశ్నలు మాత్రం రాసి పంపకండి. పంపితే జవాబులు కాగితం మీద రాసుకొని చదువుతరు, అప్పుడు పుస్తకం భాష వస్తది, మనిషి పోతడు. "అన్నా, నువ్వు ఆ స్టార్టర్ డబ్బాకు ఫోన్ ఎట్ల కలిపినవో అది చెప్పాలె, తర్వాత ఎక్కడ ఇబ్బంది పడ్డవో అడుగుత" అని విషయం చెప్తే చాలు. పక్క చేను రైతుకు చెప్పినట్టే చెప్పమనాలె.

రికార్డర్ సెట్టింగులు

ఫోన్‌తోని వచ్చిన వాయిస్ రికార్డర్ చాలు, కొత్త యాప్‌లు వేయించి పెద్దమనుషులను ఆగం చెయ్యకండి. సెట్టింగులల్ల క్వాలిటీ హై పెట్టించండి. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఏదైనా ఉంటే తీసేయించండి, అది మాటల చివర్లను కూడ నరుకుతది. డబ్ల్యూఏవీ ఫైల్ (సౌండ్‌ను కుదించకుండ దాచేది) అయితే 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోల గంటకు ఇంచుమించు 345 ఎంబీ అయితది. ఎం4ఏ ఫైల్ (కుదించి చిన్నగ చేసేది) 128 కేబీపీఎస్‌ల పెడితే గంటకు 58 ఎంబీ లోపలనే. ఊర్లల్ల నుంచి 345 ఎంబీ పంపుడు అందరికీ అయ్యే పని కాదు, మాటలకు 128 ఎం4ఏ నిండుగ సరిపోతది, నేనైతే అదే పెట్టిస్త.

గది

మైకు కంటే, ఫోన్ కంటే గది ముఖ్యం. కొత్తగ కట్టిన స్లాబ్ ఇండ్లల్ల టైల్స్, ఖాళీ గోడలు ఉంటయి, అక్కడ గొంతు డబ్బా లోపల మాట్లాడినట్టు మోగుతది. పాత మట్టిగోడల పెంకుటిల్లు అయితే చానా మంచిది. నల్గొండ దిక్కు పత్తి తీసినంక అమ్మేదాక ఇంట్లనే ఒక అర్రల కుప్ప పోసుకుంటరు గదా, ఆ అర్ర దొరికిందంటే అంతకంటే మంచి స్టుడియో లేదు, పత్తి శబ్దాన్ని మింగేస్తది, ఎకో అస్సలుండదు. అది కాకుంటే పరుపులు, బొంతలు, బట్టల దండెం ఉన్న గది చూడమనండి. ఏం లేకుంటే గెస్ట్ ముందు గోడకు రెండు బొంతలు వేలాడదీయమనాలె, ఎందుకంటే నోట్ల నుంచి వచ్చిన శబ్దం మొదలు తగిలేది ఎదురు గోడకే.

ఇగ ఫ్యాన్. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్ల ఫ్యాన్ బంద్ చెయ్యమంటే మనిషిని శిక్షించినట్టే, కూలర్ అయితే ఇంక చెప్పేదే లేదు. అయినా బంద్ చెయ్యాల్సిందే, ఎందుకంటే ఫ్యాన్ గాలి నేరుగ మైకు మీద పడితే వచ్చే గడగడ తర్వాత పోదు. దీనికి నేను చేసేది రెండు పనులు. ఎండాకాలంల పొద్దుగాల ఆరు గంటలకే రికార్డింగ్ పెట్టుకుంట, అప్పుడు కరెంటు మోటర్లు, ఆటోలు కూడ తక్కువ ఉంటయి. అది కుదరకుంటే పది నిమిషాలు రికార్డ్ చేసి, ఫ్యాన్ వేసి, నీళ్లు తాగి, మళ్ల పది నిమిషాలు. పెద్దవయసు వాళ్లకైతే ఇది తప్పకుండ పాటించాలె, రేడియో కోసం ఎవరికీ వడదెబ్బ తగలొద్దు.

ఫ్రిజ్, ఇన్వర్టర్ పక్క నుంచి జరగమనండి. బయట నెమళ్లు అరిస్తే, పిట్టలు కూస్తే ఏం కాదు, అది ఆ ఊరి సౌండ్, వింటుంటే మంచిగనే ఉంటది. గుడి మైకుల పాట వస్తుంటే మాత్రం ఆగాలె, కట్ చేసిన చోటల్ల పాట తెగి దుంకుతది.

ఫోన్ ఎక్కడ పెట్టాలె

ఎక్కువమందికి తెలియని సంగతి, ఫోన్ మైకు కింద ఛార్జింగ్ పెట్టే రంధ్రం పక్కన ఉంటది. ఆ కింది వైపు నోటి దిక్కు ఉండాలె, నోటికి ఒక జానెడు దూరంల, కొద్దిగ పక్కకు. తిన్నగ ఎదురుగ పెడితే ప, ఫ, బ, భ అన్నప్పుడల్ల గాలి మైకుకు కొట్టుకొని భప్ భప్ అంటది. చేతిల పట్టుకోవద్దు, వేళ్లు జరిగిన చప్పుడు అంత వస్తది. ఒక డబ్బా మీద నాలుగైదు పుస్తకాలు పేర్చి, దాని మీద తువ్వాల మడత పెట్టి, ఆ మడతల ఫోన్‌ను ఆనించమనండి. స్టీల్ బిందె మీద, రేకు డబ్బా మీద డైరెక్ట్‌గ పెడితే అవి మోగుతయి. గాజులు, తాళాల గుత్తి, జేబుల చిల్లర కూడ పక్కన పెట్టమనాలె.

కాల్

రెండు వైపులా వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలె. స్పీకర్ పెట్టి మాట్లాడితే మీ గొంతు గెస్ట్ రికార్డర్‌ల కూడ ఎక్కుతది, అప్పుడు రెండు ట్రాకులు కలిపినంక మీ గొంతు రెండుసార్లు ఇనిపిస్తది, దాన్ని తీసేసుడు అయితలేదు. బ్లూటూత్ కంటే వైరుదే నమ్మకం, ఛార్జింగ్ అయిపోవుడు, ఇంట్ల ఇంకో ఫోన్‌కు కనెక్ట్ అయిపోవుడు ఉండదు.

వాట్సాప్ కాల్ మంచిగ పోతే అదే చెయ్యండి, వీడియో బంద్ పెట్టండి. నెట్ సరిగ్గ లేకుంటే మామూలు ఫోన్ కాల్ చెయ్యండి, ఏం తక్కువ కాదు, ఎందుకంటే ఆ కాల్ సౌండ్ మనం వాడం. నల్లమల అంచు ఊర్లల్ల ఒకటి రెండు గీతల సిగ్నల్ మీద మాట్లాడే మనిషి గొంతు కూడ స్టుడియోల కూర్చున్నట్టు వచ్చేది ఈ పద్ధతిల ఇందుకే.

దుబాయ్, అబుదాబిల ఉన్నోళ్లకు వాట్సాప్ వాయిస్ కాల్ అక్కడ నడవదు, జూమ్ గాని టీమ్స్ గాని పెట్టుకోవాలె, వాళ్ల టైమ్ మనకంటే గంటన్నర వెనక, డ్యూటీ అయిపోయి రూముకు వచ్చేసరికి మనకు రాత్రి అయితది. డల్లాస్ దిక్కు అయితే మార్చి నుంచి నవంబర్ మొదటి దాక పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక. అక్కడి ఇంజనీర్లకు లాప్‌టాప్, మంచి నెట్ ఉంటయి కాబట్టి రివర్‌సైడ్ లాంటి సైట్ వాడితే ఎవరి గొంతు వాళ్ల బ్రౌజర్‌లనే రికార్డయి అప్‌లోడ్ అయితది. జూమ్ వాడితే లాప్‌టాప్ యాప్ రికార్డింగ్ సెట్టింగులల్ల ఒక్కొక్కరికి వేరే ఆడియో ఫైల్ అనే ఆప్షన్ ఉంటది, అది టిక్ పెట్టండి, ఫ్రీ అకౌంట్‌ల మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతదని గుర్తుంచుకోండి.

మీ దగ్గర మిక్సర్ ఉండి ఫోన్‌ను దానికి కలిపితే, గెస్ట్‌కి పోయే ఆక్స్‌ల (మిక్సర్ నుంచి వేరేగ బయటికి పంపే లైన్) మీ మైకు మాత్రమే ఉండాలె, గెస్ట్ ఛానల్ మీద ఆక్స్ నాబ్ సున్నాల ఉండాలె. లేకుంటే ఆయన మాట ఆయనకే ఆలస్యంగ తిరిగి ఇనిపించి నోట మాట ఆగిపోతది. కాల్ మొత్తాన్ని మీ వైపు మిక్సర్‌లనో లాప్‌టాప్‌లనో బ్యాకప్‌గ రికార్డ్ చెయ్యండి. గెస్ట్ ఫోన్ ఏదైనా అయితే అదే దిక్కు, పైగా ఎడిటింగ్‌ల ట్రాకులు కలపడానికి అదే కొలబద్ద.

రికార్డింగ్ మొదలు

వరుస ఇట్ల ఉండాలె. ముందు రెండో ఫోన్ ఫ్లైట్ మోడ్, తర్వాత రికార్డర్ ఆన్, టైమ్ నడుస్తుందా, గీతలు కదులుతున్నయా చూసి చెప్పమనాలె. తర్వాత ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడొద్దు, గది చప్పుడు మాత్రమే రికార్డ్ కావాలె, ఇది తర్వాత చానా అక్కరకొస్తది. అయినంక గెస్ట్ తన పేరు, ఊరు, తేదీ చెప్పి, ఈ మాటలు రేడియోల వెయ్యడానికి ఒప్పుకుంటున్న అని సొంత గొంతుతోని చెప్పాలె. ఊరి పేరు వద్దంటే తీసేస్తమని ముందే చెప్పండి. చివరికి గెస్ట్ ఒక్కసారి గట్టిగ చప్పట్లు కొట్టాలె, మీరు కూడ మీ మైకు కాడ ఒకటి కొట్టండి. అయిపోయినప్పుడు మళ్ల ఇద్దరూ ఒక్కొక్కటి.

మాట్లాడేటప్పుడు ఊఁ కొట్టాలా వద్దా అని చాలామంది అడుగుతరు. కొట్టొద్దని ఎక్కువ చోట్ల చెప్తరు గాని, మన దగ్గర ఊఁ కొట్టకుంటే అవతలి మనిషి రెండు మాటలకే "హలో, ఇనిపిస్తుందా" అని ఆగుతడు, ముసలమ్మలైతే చెప్పుడే బంద్ చేస్తరు. ట్రాకులు వేర్వేరుగ ఉన్నయి కాబట్టి మీ ఊఁలు అన్నీ తర్వాత తీసెయ్యొచ్చు, నిమ్మళంగ కొట్టండి. కానీ జవాబు అయిపోయిందనిపించినంక ఒక రెండు సెకన్లు ఆగి తర్వాతి ప్రశ్న అడగండి, కాల్ల మాట ఆలస్యంగ వస్తది, ఆ ఆగిన టైమ్‌లనే చాలాసార్లు అసలు మాట బయటికొస్తది.

కాల్ కట్ అయితే గెస్ట్ రికార్డర్ ముట్టుకోవద్దు, అట్లనే నడవనియ్యాలె, మీరే మళ్ల కలుపుతరు. ఇది ముందే పదిసార్లు చెప్పండి.

వస్తువు సౌండ్

ఇంటర్వ్యూ అయినంక రికార్డింగ్ ఫోన్ పట్టుకొని ఆ మెషిన్ దగ్గరికి పొమ్మనండి, ఒక నిమిషం దాని చప్పుడు కావాలె. టెక్నాలజీ షో అంటే యాప్‌లు, కొత్త ఫోన్లు మాత్రమే అనుకోవద్దు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే కష్టం చూసి ఆసు యంత్రం (చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే మెషిన్) తయారు చేసిన్రు, దానికి 2017ల పద్మశ్రీ వచ్చింది. చేతితోని ఆసు పోస్తే ఒక్క చీరకు చెయ్యి దగ్గర దగ్గర తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించాలె, భుజాలు పోతయి. ఈ లెక్క ఎవరైనా నోటితోని చెప్తే విని వదిలేస్తం, కానీ ఆ మెషిన్ దారం చుట్టే చప్పుడు కింద పెట్టి, ముందు చేతితోని ఆసు పోసిన అక్కతోని ఆ మాట చెప్పిస్తే వినేటోళ్లు పని ఆపి వింటరు. డ్రోన్ లేచేటప్పటి రొద, మొబైల్ స్టార్టర్ టక్‌మని పడుడు, మగ్గం చప్పుడు, ఇవన్నీ తెచ్చుకోండి. పెద్ద చప్పుడు అయితే ఫోన్ నాలుగైదు అడుగుల దూరం పెట్టించండి, లేకుంటే సౌండ్ పలిగిపోతది.

ఫైల్ పంపుడు

రికార్డింగ్ ఆపి సేవ్ చేసి, మొదలు, మధ్య, చివర కొంచెం కొంచెం విని చూసినంకనే కాల్ పెట్టెయ్యాలె. వాట్సాప్‌ల డాక్యుమెంట్ లెక్క పంపమనండి, 2 జీబీ దాక పోతది, ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తది. రికార్డింగ్‌ను స్పీకర్ మీద వినిపించి వాయిస్ మెసేజ్ పెడుతరు కొందరు, అది వద్దని ముందే చెప్పాలె. నెట్ స్లో ఉంటే రాత్రి పదకొండు తర్వాత పెట్టమనండి, అదీ కాకుంటే పట్నం వచ్చే ఎవరి ఫోన్‌లకో పక్కనుంచే షేర్ చేసి పంపొచ్చు. ప్రోగ్రాం వచ్చేదాక గెస్ట్ ఆ ఫైల్ డిలీట్ చెయ్యొద్దు.

ఎడిటింగ్

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అది చాలు. ఎం4ఏ ఫైల్ తెరుచుకోవాలంటే విండోస్‌ల ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడ వేసుకోవాలె. మూడు ట్రాకులు పెట్టుకోండి, మీది, గెస్ట్‌ది, కాల్ బ్యాకప్. బ్యాకప్‌ల గెస్ట్ చప్పట్లు ఎక్కడ సూదిలాగ లేచిందో చూసి, గెస్ట్ ట్రాక్ చప్పట్లను కచ్చితంగ దాని కిందికి జరపండి, మీ ట్రాక్‌ను మీ చప్పట్లకు జరపండి. అట్ల పెడితే మీరు కాల్ల విన్న వరుసలనే ముచ్చట వస్తది. కుదిరినంక బ్యాకప్‌ను మ్యూట్ చెయ్యండి.

ఇప్పుడు చివరి చప్పట్లు చూడండి. రెండు ఫోన్ల లోపల గడియారాలు ఒకేలాగ నడవవు, గంట రికార్డింగ్‌కు 0.1, 0.2 సెకన్ల తేడా రావచ్చు. వచ్చిన తేడాకు స్పీడ్ మార్చే ఎఫెక్ట్ వాడొచ్చు గాని, నాకు తేలిక అనిపించేది వేరే, ప్రతి ప్రశ్న కాడ గెస్ట్ ట్రాక్‌ను కోసి ముక్కను కొద్దిగ జరుపుకుంట పోవుడు. ఎట్లయినా ప్రశ్నల కాడ కట్ చేస్తం గదా.

నాయిస్ తీయడానికి మొదట్ల రికార్డ్ చేసిన ముప్పై సెకన్ల గది చప్పుడును నాయిస్ ప్రొఫైల్‌గ ఇవ్వండి. 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, ఇంకా గుంజితే గొంతు నీళ్ల కింద నుంచి వచ్చినట్టు అయితది, కొంచెం చప్పుడు మిగిలినా పర్వాలేదు. 80 హెర్ట్జ్ కింద ఉన్న లావు గుర్రు సౌండ్‌ను హై పాస్ ఫిల్టర్‌తోని తీసెయ్యండి. ఇద్దరి గొంతులూ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తోని ఒకే లెవల్‌కు తేవాలె, మోనోకు మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ చెవికి ఎంత గట్టిగ ఇనిపిస్తదో చెప్పే కొలత) దగ్గర నాకు మంచిగ కుదురుతది. హెడ్‌ఫోన్‌ల విని అయిపోయిందనుకోవద్దు, చిన్న ఫోన్ స్పీకర్‌ల పెట్టి, పక్కన ఫ్యాన్ వేసుకొని వినండి, మన వాళ్లు వినేది అట్లనే.

గెస్ట్ భాషను సాపు చెయ్యకండి. గద్వాల దిక్కు మాటల కన్నడ యాస ఉంటది, దేవరకొండ తండాల నుంచి వచ్చిన పిల్ల మధ్యల లంబాడి మాట వాడుతది, అది ఉండాల్సిందే. 2008ల జహీరాబాద్ పక్కన మాచనూరుల సంఘం రేడియో మొదలైనప్పుడు అక్కడి దళిత మహిళలు వాళ్ల సొంత భాషలనే మాట్లాడిన్రు, కమ్యూనిటీ రేడియో అంటే ఏందో తెలంగాణకు చూపించింది వాళ్లే. ఒకే మాట నాలుగుసార్లు తిరిగితే కట్ చెయ్యండి, దగ్గు కట్ చెయ్యండి, ఆలోచిస్తూ ఆగిన చోటు ఉండనియ్యండి.

బ్రాడ్‌కాస్ట్ అయిన ప్రోగ్రాం రికార్డింగ్ మూడు నెలలు దాచిపెట్టాలని కమ్యూనిటీ రేడియో నిబంధన, నేనైతే ఎడిట్ చెయ్యని ఫైళ్లు కూడ పేరు, ఊరు, తేదీతోని వేరే డ్రైవ్‌ల పెట్టుకుంట. గెస్ట్ ఫోన్ నంబర్ ఆయనను అడగకుండ రేడియోల చెప్పొద్దు, చెప్తే తెల్లారి నుంచి ఆయన పొలం పని సాగదు.

ప్రోగ్రాం టైమ్ గెస్ట్‌కి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. మన సిగ్నల్ అందని ఊర్ల ఉన్నోళ్లకు, దుబాయ్‌ల ఉన్నోళ్లకు ఎంపీ3 పంపాలె, మోనో 64 కేబీపీఎస్‌ల అరగంట ప్రోగ్రాం 15 ఎంబీ లోపలనే ఉంటది, వాట్సాప్‌ల సులువుగ పోతది. రెండో ఫోన్ ఎవరిదైతే వాడుకున్నమో వాళ్లకు కూడ ఒకటి పంపండి, తర్వాతసారి అదే ఊరి నుంచి ఇంకో గెస్ట్ కావాలంటే ఆ ఫోనే మళ్ల అడగాలె.